బట్టమేక పోయింది – జింకలు మిగిలాయి
రోళ్లపాడులో రైతుకూ, అటవీ శాఖకూ కుదరని పొత్తు

నందికొట్కూరు (మా విలేఖరి): మిడుతూరు మండలంలోని రోళ్లపాడు అభయారణ్యం పేరెత్తితే బట్టమేక పిట్ట గుర్తుకు రావడం మన ప్రాంతంలో పరిపాటి. దేశం నలుమూలల నుంచి పక్షి శాస్త్రజ్ఞులు ఈ పిట్టను చూడడానికే ఇక్కడికి వచ్చేవారు. కొన్నేళ్లుగా మాత్రం ఆ పిట్ట కంటబడడమే గగనమైపోయింది. దానికోసం ఏర్పాటు చేసిన అభయారణ్యం ఉన్నది, బోర్డులు ఉన్నవి, చుట్టుపక్కల చేలలో జింకల మందలు ఉన్నవి. అసలు మనిషి లేని పెళ్లిలా ఉన్నది అక్కడి పరిస్థితి.

ఇదిలా ఉండగా, రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలో 2019 నుంచి ఈ పిట్ట గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు. అక్కడి కేంద్రాలలో పెరుగుతున్న పక్షుల సంఖ్య అరవై దాటింది. వాటిని ఏదో ఒకనాడు బయట వదలక తప్పదు. అప్పుడు రోళ్లపాడు వంటి పాత తావుల పేరు రావడం సహజం. ఆ రోజున పొలం గల రైతు ఈ పిట్టను రానిస్తాడా, వద్దంటాడా అన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన ప్రశ్న.

పిట్ట సంగతి

బట్టమేక ఎగరగల పక్షులలో బాగా బరువైనది. నిలబడితే సుమారు మీటరు ఎత్తు ఉంటుంది. పోతు 15 కిలోల దాకా తూగుతుంది. ఇది చెట్టెక్కే పక్షి కాదు. గూడు కట్టదు. పెట్ట నేలమీదనే, చాలావరకు ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డును పశువు తొక్కినా, కుక్క తిన్నా, పిల్లవాడు తీసుకుపోయినా ఆ ఏటికి సంతానం లేనట్టే. మిడతలు, పురుగులు, గింజలు, రేగుపళ్లు దీని ఆహారం. చేనులో పురుగులు ఏరుకు తింటుంది గనుక రైతుకు దీనివల్ల నష్టం కంటే మేలే ఎక్కువ.

దీనికి దట్టమైన అడవి పనికిరాదు. కనుచూపు మేర తెరపిగా ఉన్న గడ్డి బీళ్లు, వాటి అంచున వాన మీద పండే జొన్న, కొర్ర, శనగ వంటి మెట్ట చేలు కావాలి. అంటే ఈ పిట్ట బతుకు సగం ప్రభుత్వ బీడులో, సగం రైతు చేనులో ఉన్నదన్నమాట. వానాకాలంలో వచ్చి గడ్డిలో ఎగిరెగిరి దూకే నేల నెమలి సంగతీ ఇంతే.

1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం బట్టమేకను మొదటి షెడ్యూలులో చేర్చి వేటను నిషేధించింది. అంతకు ముందు తుపాకులతో, జీపులతో తరిమి వేటాడడం దేశమంతటా జరిగినదే. నేడు దేశం మొత్తం మీద బయట తిరిగే బట్టమేకలు 150కి మించి లేవనీ, వాటిలో అత్యధిక భాగం రాజస్థాన్‌లోనే ఉన్నవనీ అంచనా.

రక్షణ వచ్చింది, తంటా వచ్చింది

రోళ్లపాడు బీళ్లలో బట్టమేకలు ఉన్న సంగతి 1980 ప్రాంతంలో బయటి ప్రపంచానికి తెలిసింది. ఆ దశాబ్దంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు ఇక్కడ మకాం వేసి పరిశోధన చేశారు. 1988లో ప్రభుత్వం 614 హెక్టార్లను, అంటే సుమారు 1,500 ఎకరాలను అభయారణ్యంగా ప్రకటించింది. కాపలా పెట్టారు, గడ్డిని కాపాడారు.

గడ్డి పెరిగింది. గడ్డితో పాటు జింకలూ పెరిగాయి. తొలినాళ్లలో కొద్దిగా మాత్రమే ఉన్న కృష్ణజింకలు తరువాత వందల సంఖ్యకు చేరాయి. బట్టమేక చేనులో దిగితే పురుగును తింటుంది. జింక దిగితే మొలకను తింటుంది. మంద దిగిన చేను తెల్లవారేసరికి దున్నిన నేలలా కనబడుతుందని రైతులు వాపోవడం ఏటా ఉన్నదే. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా వాయించినా, ఒక చేను నుంచి తరిమిన మంద పక్క చేనులో పడుతుంది. పిట్ట పేరున వచ్చిన అభయారణ్యం జింకల పేరున రైతుకు శత్రువైంది.

కాగా, పిట్ట తగ్గడానికి జింకలే కారణమనడం సరికాదు. దాని బతుకుతెరువు అయిన మెట్ట సేద్యమే మారిపోయింది. అభయారణ్యం దాపునే కె.సి. కాలువకు అనుబంధంగా అలగనూరు జలాశయం వచ్చింది. నీరు రావడం రైతుకు వరమే, కాదనలేము. అయితే నీటితో పాటు పంటలు మారాయి, మందుల పిచికారీ పెరిగింది, బీళ్లు తగ్గాయి. మన లెక్కలో బీడు అంటే పనికిరాని భూమి. పొరుగున గని, శకునాల గ్రామాల వద్ద వేల ఎకరాలలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. కరెంటు అవసరమే. అయినా బరువైన ఈ పక్షికి ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. కనబడినా చప్పున పక్కకు తిరగలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో హైటెన్షన్ తీగలకు తగిలి పిట్టలు చనిపోతున్న విషయం 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుల దాకా వెళ్లింది.

కరేరా చెప్పే పాఠం

రైతును పక్కనబెట్టి పిట్టను కాపాడబూనితే ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లోని కరేరా చూపింది. శివపురి జిల్లాలోని ఈ తావును 1981లో బట్టమేక అభయారణ్యంగా ప్రకటించారు. హద్దుల లోపల గ్రామాలు, రైతుల సొంత పట్టా భూములు ఉన్నవి. భూమిని అమ్ముకోవడానికి ఆటంకాలు వచ్చాయి. ఆడపిల్ల పెళ్లికో, అప్పు తీర్చడానికో ఎకరం అమ్ముకోలేని రైతుకు పిట్ట మీద ప్రేమ ఎలా పుడుతుంది? పైగా అక్కడ కూడా జింకలు పెరిగి పైరు మీద పడ్డాయి. జనం ఎదురు తిరిగారు. 1990 దశాబ్దంలో బట్టమేక అక్కడ కనుమరుగైంది. చివరకు అభయారణ్యాన్నే రద్దు చేశారు. కాగితం మీద హద్దు గీసినంత సులభంగా పల్లె మనసు మీద గీయలేమని దీనివల్ల తేలింది.

అమెరికాలో మరో తీరు

ఇందుకు భిన్నమైన ఉదాహరణ అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రం. అక్కడ ఫెజెంట్ అనే పక్షి ఉన్నది. మన నెమలి, అడవికోడి, కౌజు కుటుంబానికి చెందినదే. చైనా మూలం గల ఈ పక్షిని అక్కడ 1908 ప్రాంతంలో తెచ్చి వదిలారు. 1919లో మొదటిసారి వేటకు అనుమతించారు. 1943లో రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. ఇదీ నేలమీద గడ్డిలో గుడ్లు పెట్టేదే. ఇదీ రైతు పొలం మీద ఆధారపడినదే.

అక్కడ వేట చట్టసమ్మతం. పెట్టను కొట్టరాదు, పోతును మాత్రమే కొట్టాలి. రోజుకు మూడింటికి మించరాదు. వేటగాడు రైతు అనుమతి లేనిదే అతని పొలంలో అడుగు పెట్టరాదు. కొందరు రైతులకు ప్రభుత్వమే డబ్బు ఇచ్చి, వారి పొలంలోకి వేటగాళ్లు కాలినడకన వెళ్లే వీలు కల్పిస్తుంది. వేట లైసెన్సు రుసుము, తుపాకులూ తూటాల మీద 1937 చట్టం ప్రకారం వేసే పన్ను తిరిగి వన్యప్రాణుల పనికే ఖర్చవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది 1985లో అక్కడి కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకం. కోతకు గురయ్యే భూమిని దున్నకుండా గడ్డికి వదిలితే రైతుకు పది, పదిహేనేళ్ల పాటు ఏటా కౌలు లాగా సొమ్ము చెల్లిస్తారు. గడ్డి పెరిగిన చోటల్లా పక్షులు పెరిగాయి. తరువాత మొక్కజొన్న ధరలు పెరగడంతో చాలామంది రైతులు ఒప్పందాలు వదలుకుని గడ్డిని దున్నేశారు. 2013లో జరిపిన లెక్కింపులో పక్షుల సూచిక అంతకు ముందటి ఏడాది కంటే 64 శాతం పడిపోయింది. ఆ ఏటి వాతావరణం కూడా ఇందుకు తోడైంది. గడ్డికి గిట్టుబాటు ఉంటే పక్షి ఉంటుంది, లేకుంటే పోతుందన్నది అక్కడివారు నేర్చుకున్న సంగతి.

మన దగ్గర వేటగాడు

మన దేశంలో వేటను తిరిగి అనుమతించాలని ఎవరూ కోరనక్కరలేదు. 150 లోపు మిగిలిన పక్షికి వేట మాటే కూడదు. జింకను కొడితే మూడేళ్లకు తగ్గని జైలు శిక్ష ఉన్నది. అయినా రాత్రిపూట లైట్లు, కుక్కలు, ఉచ్చులతో తిరిగేవారు లేరని ఎవరూ అనలేరు. కౌజులకు, పూరేడు పిట్టలకు వలలు వేసేవారు సరేసరి.

వేటగాడు ఎవరి పొలంలో ఉచ్చు పెడుతున్నాడో ఆ రైతుకు తెలియకుండా ఉండదు. తెలిసీ మాట్లాడడు. ఒక జింక తగ్గితే ఒక సాలు మొలక మిగులుతుందని అతని లెక్క. ఫిర్యాదు చేస్తే సాక్ష్యం కోసం తిరగవలసి వస్తుందని భయం. ఈ మౌనమే వేటగాడికి లైసెన్సు. కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. పందికి కట్టిన తీగకు తెల్లవారి నీళ్లు కట్టబోయిన మనిషి బలైన ఉదంతాలు తెలుగునాట ఎన్నో. చట్టం తన పని తాను చేయవలసిందే. కానీ పైరు పోయిన రైతుకు న్యాయం జరగనంత వరకు ఆ చట్టానికి పల్లెలో సాక్షి దొరకడు.

చేయవలసినవి

ఈ పరిస్థితిలో కొన్ని పనులు అవసరమని తోస్తున్నది. మొదటిది, పంట నష్టపరిహారం. రైతు పంట పోయిన సీజనులోనే, మళ్లీ విత్తనం వేసుకునే లోగా చేతికి అందాలి. అటవీ శాఖ వారు ఒక రోజు, రెవెన్యూ వారు ఒక రోజు, వ్యవసాయ శాఖ వారు మరొక రోజు వచ్చేసరికి చేనులో చూడడానికి ఏమీ మిగలదు. ముగ్గురూ ఒకేసారి వచ్చి, గ్రామంలోనే కాగితం రాసి ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

రెండవది, గడ్డికి కౌలు. అభయారణ్యం అంచున ఉన్న పొలాలలో బీడు వదిలినా, జొన్న, కొర్ర వేసి మందులు తగ్గించినా ఎకరానికి ఇంత అని ఒప్పందం రాసి ఇవ్వాలి. రైతు ఇష్టపడితేనే చేరాలి. భూమి అమ్మకానికి అడ్డు ఉండరాదు. కరేరా తప్పు ఇక్కడ జరగరాదు.

మూడవది, గుడ్లు పెట్టే వానాకాలం వెళ్లిన తరువాత బీడులోని గడ్డిని కోసుకునే హక్కు చుట్టుపక్కల గ్రామాలకు వంతుల వారీగా ఇవ్వాలి. కాపలా పనివారిని ఆ గ్రామాల నుంచే తీసుకోవాలి. బీడు వల్ల పశువుకు మేత, ఇంటికి జీతం వస్తే, ఉచ్చు పెట్టేవాడిని ఊరే పట్టి ఇస్తుంది.

నాలుగవది, పక్షులను వదిలే ఆలోచన ఏనాడైనా వస్తే, దానికి ముందుగానే గ్రామసభలు పెట్టి రైతులను అడగాలి. కొత్త కరెంటు లైన్లు, కొత్త ప్రాజెక్టులు వచ్చేటప్పుడు ఈ బీళ్లను పనికిరాని భూమి కింద కొట్టివేయరాదు.

రైతుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. జింక మీది కోపం పిట్ట మీద చూపడం న్యాయం కాదు. బట్టమేక మన చేనులో పురుగు తిన్నదే గాని పైరు తినలేదు. దాని వల్లనే రోళ్లపాడు అనే చిన్న ఊరి పేరు దేశానికి తెలిసింది. పిట్ట మళ్లీ వచ్చేదీ రానిదీ రాజస్థాన్‌లోని శాస్త్రజ్ఞుల చేతిలో కొంత ఉన్నది. వచ్చిన పిట్ట నిలిచేదీ నిలవనిదీ మిడుతూరు, నందికొట్కూరు ప్రాంతాల రైతుల చేతిలో ఉన్నది. నంద్యాల జిల్లా అధికారులు ఇప్పటి నుంచే ఆ రైతులతో కూర్చుని మాట్లాడడం మంచిది.