మా డాబా మీదుగా పోయే గాలి మోటర్లు

చిన్నప్పుడు కోరుట్లలో మా డాబా మీద నాకో డ్యూటీ ఉండేది. ఆకాశంలో తెల్లగీత కనిపిస్తే చాలు, మెట్లెక్కి చేయి ఊపాలి. బాపు అప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. "అగో, గాలి మోటర్ల మీ బాపు వస్తుండు" అనేది నానమ్మ. నేను నమ్మేవాణ్ణి. మా గల్లీ పిల్లలందరూ నమ్మేవాళ్ళు. చాలా ఇళ్ళలో బాపులు అక్కడే ఉండేవాళ్ళు మరి.

ఇంజనీరింగ్‌లో చేరాక ఫోన్లో ఫ్లైట్‌రాడార్24 వేసుకున్నా. పండక్కి ఊరికొచ్చినప్పుడు డాబా ఎక్కి, తెల్లగీత వైపు చూసి, యాప్ తెరిచా. ఢిల్లీ నుంచి చెన్నై. కాసేపటికి ఇంకోటి. అది ఢిల్లీ నుంచి హైదరాబాద్. రెండు రోజులు చూశా. దుబాయ్‌ది ఒక్కటీ రాలేదు. హైదరాబాద్‌లో లేచిన గల్ఫ్ విమానం పడమటికి తిరిగి వెళ్ళిపోతుంది. మా వైపు దానికి పనే లేదు. పదేళ్ళు చేయి ఊపింది చెన్నై పోయేవాళ్ళకన్నమాట!

ఆ రోజు కొంచెం బాధేసింది కానీ, పిచ్చి మాత్రం అక్కడే మొదలైంది. మ్యాప్ మీద ఢిల్లీ నుంచి చెన్నైకి స్కేలు పెట్టి గీత గీయండి, అది దాదాపు జగిత్యాల మీదుగా పోతుంది. నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్‌కి గీయండి, కోరుట్ల పక్క నుంచే పోతుంది. అంటే ఎయిర్‌పోర్ట్ లేకపోయినా మనది మంచి స్పాటింగ్ పాయింటే.

యాప్ లేకుండా కూడా కొంత పోల్చుకోవచ్చు. 35 వేల అడుగుల ఎత్తులో చలి సున్నాకి 40 డిగ్రీల కింద ఉంటుంది. ఇంజిన్ వదిలే నీటి ఆవిరి అక్కడ మంచు కణాలైపోతుంది, అదే తెల్లగీత. గాలిలో తేమ ఉంటే గీత చాలాసేపు నిలుస్తుంది, లేకపోతే వెంటనే మాయం. ఇక విమానం దిగడం మొదలుపెట్టేది రన్‌వేకి దాదాపు 200 కిలోమీటర్ల ముందు. మన దగ్గర్నుంచి శంషాబాద్‌కి ఆకాశమార్గంలో కొంచెం అటూ ఇటూగా అంతే దూరం. కాబట్టి గీత చక్కగా కొనసాగుతూ దక్షిణానికి పోతే అది చెన్నై బండి కావచ్చు. మన నెత్తి మీదికొచ్చాక గీత తెగిపోయిందంటే, హైదరాబాద్‌లో దిగేది కావచ్చు.

యాప్ పనిచేసే తీరు కూడా సింపులే. ప్రతి విమానం తన పేరు, ఎత్తు, వేగం, ఉన్నచోటు 1090 మెగాహెర్ట్జ్ మీద తానే చెప్పుకుంటూ పోతుంది. దీన్ని ఏడీఎస్-బీ అంటారు. ఒక చిన్న యూఎస్‌బీ డాంగిల్, ఒక యాంటెన్నా ఉంటే డాబా మీద మనమే పట్టుకోవచ్చు. సిరిసిల్లలో నా దోస్త్ అలాగే పెట్టాడు. వాళ్ళ కింది గదిలో సాంచాల చప్పుడుకి నెత్తి మీద విమానం పోయినా వినపడదు. లాప్‌టాప్ మీద మాత్రం చుక్కలు కదులుతుంటాయి.

ఆ చుక్కలు చూస్తుంటే అందరికీ వచ్చే ప్రశ్నే నాకూ వచ్చింది. ఇన్ని పోతున్నాయి, ఒక్కటైనా మన దగ్గర ఎందుకు దిగదు?

ఒకప్పుడు దిగేది. పెద్దపల్లి, రామగుండం మధ్యలో బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర ఒక రన్‌వే ఉంది. 1980లలో అక్కడికి వాయుదూత్ విమానాలు వచ్చేవి. చిన్న ఊళ్ళకి విమానాలు నడపడానికే ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి 1981లో పెట్టిన కంపెనీ అది. వాళ్ళు నడిపిన డోర్నియర్ 228లో 19 సీట్లే. మన ఆర్టీసీ బస్సులో సగం కూడా కాదు. సీట్లు నిండినా ఖర్చు తేలడం కష్టం. నష్టాలు పెరిగి 1990లలో వాయుదూత్ మూతపడింది. బసంత్‌నగర్‌లో రన్‌వే మిగిలింది, విమానం పోయింది.

అంతకుముందూ ఒక కథ ఉంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి డకోటాలు నడిపారు. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి, మిగతా కంపెనీలు కాదన్నాక ఉద్యోగం ఇచ్చింది ఈ మన హైదరాబాద్ కంపెనీయే. 1953లో ప్రభుత్వం ఎనిమిది కంపెనీల్ని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు డెక్కన్ కూడా అందులో కలిసిపోయింది.

ఈ మధ్య కాలంలో చూసినా అదే వరస. విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013లో మొదలై 2017లో ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి ట్రూజెట్ 2015లో మొదలైంది, రామ్‌చరణ్ పేరుతో అందరికీ తెలిసింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజే కడపకి, నాందేడ్‌కి ట్రూజెట్ విమానాలు ఎగిరాయి. 2022కల్లా ట్రూజెట్ కూడా ఆగింది. నాందేడ్ రన్‌వే అక్కడే ఉంది, టెర్మినల్ అక్కడే ఉంది, టైమ్‌టేబుల్ మాత్రం ఖాళీ. 2024లో స్టార్ ఎయిర్ వచ్చాకే మళ్ళీ కళ వచ్చింది.

వీటన్నిటి లెక్క ఒకటే. ఎయిర్‌పోర్ట్ కట్టడం ఒకసారి పెట్టే ఖర్చు. విమానం నడపడం రోజూ పెట్టే ఖర్చు. చిన్న కంపెనీకి విమానాలు నాలుగో అయిదో ఉంటాయి. ఒకటి రిపేరుకి పోతే ఆ రోజు రెండు మూడు ఊళ్ళ సర్వీసులు క్యాన్సిల్. రెండుసార్లు అలా అయితే జనం మళ్ళీ రైలెక్కుతారు. ఉడాన్‌లో ప్రభుత్వం నష్టం పూడ్చేది మామూలుగా మూడేళ్ళే. నాలుగో ఏడు ఎవరు పూడ్చాలి?

తెలంగాణకి ఇంకో ముడి కూడా ఉంది. శంషాబాద్ కట్టేటప్పుడు, పాతికేళ్ళ దాకా 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రాకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. వరంగల్ మామునూరు ఆ గీత లోపల ఉంది. శంషాబాద్ నడిపేవాళ్ళు అభ్యంతరం లేదన్నాక, 2025లో కేంద్రం దానికి ఓకే చెప్పింది. మన చుట్టుపక్కల రామగుండం, ఆర్మూర్ దగ్గర జక్రాన్‌పల్లి పేర్లు ఏళ్ళ తరబడి వినిపిస్తూనే ఉన్నాయి.

ఎయిర్‌పోర్ట్ వస్తే నాకు పండగే, దాచుకోను. కానీ ఇక్కడ ఒక మాట చెప్పాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనం విమానం ఎక్కనివాళ్ళేం కాదు. చాలా పెద్ద పట్నాల వాళ్ళకంటే ముందే ఎక్కారు. బాపు మొదటిసారి ఇక్కడ బస్సెక్కి బొంబాయి పోయి, అక్కడ విమానం ఎక్కాడు. ఇప్పుడు అందరూ కలిసి కారు మాట్లాడుకుని, అర్ధరాత్రి రాజీవ్ రహదారి పట్టుకుని, 200 కిలోమీటర్లకు పైగా శంషాబాద్ పోతారు. సాగనంపేవాళ్ళు తెల్లారేసరికి ఖాళీ సీటుతో తిరిగొస్తారు. కొన్ని ఇళ్ళవాళ్ళు ప్రయాణికుల గేటు దగ్గర కాదు, కార్గో గేటు దగ్గర ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ సంగతి మా వైపు ఎవర్నడిగినా చెప్తారు.

వీళ్ళకి కావాల్సింది హైదరాబాద్‌కి అరగంట విమానం కాదు. దుబాయ్, మస్కట్, దోహా. జక్రాన్‌పల్లిలో 70 సీట్ల ఏటీఆర్ దిగితే ఫొటో నేనే ముందు తీస్తా. కానీ అది హైదరాబాద్ దాకా తీసుకెళ్ళి, అక్కడ ఆరు గంటలు కూర్చోబెడితే మావాళ్ళు మళ్ళీ కారే మాట్లాడుకుంటారు. అప్పుడు సీట్లు నిండవు, బసంత్‌నగర్ కథ ఇంకోసారి నడుస్తుంది.

అందుకే ఎన్నికలప్పుడు "ఎయిర్‌పోర్ట్ తెస్తాం" అని ఎవరైనా అంటే, ఎప్పుడు తెస్తారని మాత్రమే అడక్కండి. ఏ విమానం, ఎక్కడికి, సబ్సిడీ అయిపోయాక ఎవరు నడుపుతారు? ఈ మూడూ అడగండి. రన్‌వే ఫొటో చూసి చప్పట్లు కొట్టడం 1980లలోనే అయిపోయింది.

బాపు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. డాబా మీద చేయి ఊపే డ్యూటీ మా అక్క కొడుకుది. మా బావ మస్కట్‌లో ఉన్నాడు. మొన్న వాడు తెల్లగీత చూపించి "మామా, నాన్నదేనా?" అన్నాడు. నానమ్మలా అవునందామనుకున్నా, నోరు రాలేదు. ఫోన్ తీసి మస్కట్ నుంచి హైదరాబాద్ వచ్చే విమానం ఎక్కడుందో చూపించా. సముద్రం మీద చిన్న పసుపు బొమ్మ. వాడు కాసేపు దాన్నే చూసి, స్క్రీన్‌కి చేయి ఊపాడు.