చెవికీ ఒక పీరియడ్ కావాలి

మన బడుల్లో ఇంగ్లీషంటే చదవడం, రాయడం, అప్పజెప్పడం. వినడానికంటూ పీరియడ్ ఎక్కడా కనిపించదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం తెచ్చారు. మీడియం మారినా ఆ భాష మామూలు వేగంతో పిల్లల చెవిన పడే సందర్భాలు పెద్దగా పెరగలేదు. ‘పిక్ ఇట్ అప్’ అని విడివిడిగా చదువుకున్న పిల్లాడికి, ఎవరో గబగబా ‘పికిటప్’ అంటే అదేదో కొత్త మాటలా ఉంటుంది. పుస్తకంలో వచ్చిన మాటే అని తట్టదు.

ఈ లోటు తీర్చడానికి కార్టూన్లు బాగా పనికొస్తాయని నా గట్టి నమ్మకం. అయితే ఎంచుకోవాలి. ‘టామ్ అండ్ జెర్రీ’ ఎంత నవ్వించినా అందులో మాటలు బహు తక్కువ. బ్రిటన్‌లో 2004లో మొదలైన ‘పెప్పా పిగ్’ చూడండి. ఎపిసోడ్ ఐదు నిమిషాలే. వాక్యాలు చిన్నవి. బురద గుంటల్లో గెంతాలంటే బూట్లు వేసుకోవాలని అమ్మ చెబుతుంది, మరుక్షణం బూట్లు కాళ్లకు ఎక్కుతాయి. విన్నదీ చూసిందీ ఒకటే కాబట్టి మాటమాటకూ అర్థం చెప్పే పని ఉండదు.

పిల్లలు అదే ఎపిసోడ్ మళ్లీ పెట్టమంటే విసుక్కోకండి. అమెరికాలో 1996లో వచ్చిన ‘బ్లూస్ క్లూస్’ను మొదట్లో ఒకే ఎపిసోడ్‌ను వరసగా ఐదు రోజులు ప్రసారం చేశారు. చూసేకొద్దీ పిల్లలకు కథ బాగా అర్థమైంది, తెర మీంచి అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే ఉత్సాహమూ పెరిగింది.

అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చి ‘ఇంగ్లీషేగా, మంచిదే’ అనుకోవడం మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. పరిశోధకురాలు ప్యాట్రీషియా కుల్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ఉంది. తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్లలో, చైనా భాషను ఎదురుగా ఉన్న మనిషి నోట విన్నవాళ్లు ఆ ధ్వనుల తేడా పట్టుకున్నారు. డీవీడీలో చూసినవాళ్లకు అది పట్టుబడలేదు. బడి ఈడు పిల్లల సంగతి వేరే కావచ్చు, అయినా పక్కన ఒక మనిషి ఉండాలనే నేనంటాను. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఏడాది పిల్లలకైతే వద్దే వద్దంది.

‘మాకు ఇంగ్లీషు రాదు కదండీ’ అనే తల్లులకు నా మాట ఇదీ: తెలుగులోనే అడగండి. ‘ఆ పిల్ల ఎందుకేడ్చింది? వాళ్ల నాన్న ఏమన్నాడు?’ బొమ్మ చూసి చెప్పగలిగేది కొంత, మాట విని చెప్పాల్సింది కొంత. ఆ రెండో దానికి తెలుగులో సరైన జవాబొచ్చిందంటే చెవి పనిచేసినట్టే. మర్నాడు అదే ఎపిసోడ్‌ను ఫోను బోర్లా పెట్టి వినిపించండి. అప్పుడెంత అందిందో ఇట్టే తెలిసిపోతుంది. తెర కింద వచ్చే అక్షరాలు మాత్రం మొదట్లో వద్దు, చదవడం వచ్చిన పిల్లల చూపు వాటి వెంటే పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో చాలా ప్రభుత్వ బడుల తరగతి గదుల్లో డిజిటల్ ప్యానెళ్లు బిగించారు. వారానికి రెండుసార్లు, పది నిమిషాల చొప్పున వాటి మీద ఇలాంటి ఎపిసోడ్ ఒకటి వేసి, ఆపి ప్రశ్నలడిగే వీలు టీచర్లకు టైంటేబుల్లోనే ఇవ్వాలి. ఇంగ్లీషు పరీక్షలో విన్నదానికీ ఐదు మార్కులు కేటాయించాలి. మార్కులున్నాయంటే ఆ పది నిమిషాలను సిలబస్ పేరు చెప్పి ఎవరూ లాక్కోరు.