మంత్రిగారూ, మా పాయింట్లు ఎవరి సొత్తు?

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

పుదుచ్చేరి నుంచి తెలుగులో ఉత్తరం రావడమేమిటని మీరు ఆశ్చర్యపోరనుకుంటాను. గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోదేనని శ్రీకాకుళం వారికి ఒకరు చెప్పాలా! నేరుగా విషయానికి వస్తాను. 2025 మార్చి 31 నుంచి ఎస్‌బీఐ కార్డు సంస్థ తన ఎయిరిండియా క్రెడిట్ కార్డుల మీద ఇచ్చే పాయింట్లను సరిగ్గా మూడో వంతుకు కోసేసింది. ప్లాటినం కార్డుతో ఎయిరిండియా వెబ్‌సైటులోనో యాప్‌లోనో టికెట్టు కొంటే వంద రూపాయలకు 15 పాయింట్లు వచ్చేవి, ఇప్పుడు 5 వస్తాయి. సిగ్నేచర్ కార్డుకు 30 ఉండేవి, ఇప్పుడు 10. పదివేల టికెట్టు కొన్నవాడికి మార్చి 30న మూడు వేల పాయింట్లు, మర్నాడు వెయ్యి. అదే రోజుల్లో ఎయిరిండియా తన పాత ‘ఫ్లయింగ్ రిటర్న్స్’ పథకం పేరు తీసేసి ‘మహారాజా క్లబ్’ అని కొత్త పేరు పెట్టింది. 1946 నుంచి తలపాగా పెట్టుకుని వంగి నమస్కారం చేస్తున్న ఆ మహారాజు మీద నాకు కోపం లేదు. కానీ పేరులో రాజరికం పెంచి పళ్లెంలో వడ్డన తగ్గించడం ఏ దర్బారు మర్యాదో మాత్రం తెలియడం లేదు. ముందుగా నోటీసు ఇచ్చారు, కాదనను. అప్పటికే ఖాతాలో చేరిన పాయింట్లను ఈ మార్పు తాకలేదు, అదీ నిజమే. అయితే ఈ కార్డులు ఊరికే రావు. ప్లాటినానికి ఏడాదికి 1,499 రూపాయలు, సిగ్నేచర్‌కు 4,999, పైన జీఎస్టీ. ఫిబ్రవరిలో ఏడాది రుసుము కట్టినవాడు వందకు ముప్పై పాయింట్ల లెక్క చూసుకునే కట్టాడు. నెల తిరిగేసరికి సరుకు మూడో వంతయితే ధర మాత్రం ఎలా నిలిచింది? కిరాణా కొట్టువాడు కిలో డబ్బు తీసుకుని ముప్పావు కిలో తూస్తే తూనికలు కొలతల శాఖ వస్తుంది. ఇక్కడికి ఎవరు రావాలి?

ఇది ఒక కార్డు గొడవేనని తోసేయకండి. అదే మార్చి 31తో ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు తన క్లబ్ విస్తారా కార్డు మైలురాయి ప్రయోజనాలను (ఇంత ఖర్చు దాటితే ఇంత అని ఇచ్చేవి) ఆపేసింది. యాక్సిస్ విస్తారా కార్డుదీ ఏప్రిల్‌లో ఇంచుమించు ఇదే కథ. 2024 నవంబరు 12న విస్తారా విమాన సంస్థ ఎయిరిండియాలో కలిసిపోవడంతో వచ్చిన పర్యవసానాలివి. వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఒక్కటే: పోటీ ఉన్నంత కాలమే పాయింట్లకు విలువ. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అన్నది మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. అమెరికాలో 1978లో విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక, ప్రయాణికుణ్ణి ఎదుటి కంపెనీకి పోనివ్వకుండా పట్టుకోవడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న ‘అడ్వాంటేజ్’ పథకం మొదలుపెట్టింది. ఆ పుట్టుకలోనే అసలు సంగతి ఉంది. మన దగ్గర ఇండిగోను చూడండి. 2006లో ఎగరడం మొదలుపెట్టి, దేశంలో అందరికంటే పెద్దదయ్యాక కూడా పద్దెనిమిదేళ్లు సొంతంగా ఇలాంటి పథకమే పెట్టలేదు. బిజినెస్ తరగతి సీట్లు అమ్మాలని, విదేశీ కంపెనీలతో తలపడాలని నిర్ణయించుకున్న 2024లోనే ‘బ్లూచిప్’ అంటూ వచ్చింది. పోటీ లేనిచోట ప్రయాణికుణ్ణి మచ్చిక చేసుకోవాల్సిన పనేముంది? కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. ఇవాళ దేశీయ ప్రయాణికుల్లో నూటికి తొంభై మంది దాకా ఇండిగో, ఎయిరిండియా అనే రెండే గ్రూపుల విమానాలు ఎక్కుతున్నారు.

ఈ లెక్క పుదుచ్చేరిలో ఇంకా తేటగా కనిపిస్తుంది. మా లాస్‌పేట విమానాశ్రయం రన్‌వే పొడవు ఒకటిన్నర కిలోమీటరు, అందుకే పెద్ద విమానాలు దిగవు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఆగస్టులో స్పైస్‌జెట్ హైదరాబాదుకు సర్వీసు మొదలుపెట్టింది. 2024 మార్చిలో అదీ ఆగిపోయి, తొమ్మిది నెలలు ఊరికి విమానమే లేదు. డిసెంబరు 20న ఇండిగో 78 సీట్ల ఏటీఆర్‌తో హైదరాబాదుకూ బెంగళూరుకూ తిరగడం మొదలైంది. సంతోషమే. అయితే ఒకే ఒక్క కంపెనీ ఉన్న ఊళ్లో లాయల్టీ అన్న మాటకు అర్థమేమిటి? వేరే దారి ఉండి కూడా నీ దగ్గరికే వస్తే దాన్ని విధేయత అంటారు, దారే లేకపోతే దానికి వేరే పేరుంది. యానాం వాళ్లు రాజమహేంద్రవరం వెళ్లి విమానం ఎక్కినా అక్కడా ఎక్కువగా ఇండిగోయే. ఎయిరిండియా పాయింట్లు కూడబెట్టుకున్న పుదుచ్చేరి మనిషి వాటిని వాడాలంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద నూట యాభై కిలోమీటర్లు పోయి చెన్నైలో ఎక్కాలి. ఈ ఊళ్లో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు ఎన్నో. చెన్నై నుంచి ఢిల్లీ మీదుగా పారిస్ వెళ్లేవాళ్లకు, దూరాన్ని బట్టి పాయింట్లు ఇచ్చిన కాలంలో చవక టికెట్టుకూ మంచి గిట్టుబాటే. 2024 ఏప్రిల్‌లో ఎయిరిండియా దూరం లెక్క తీసేసి ఖర్చు లెక్క పెట్టింది. ఎక్కువ పెట్టినవాడికి ఎక్కువ అన్నది వ్యాపార న్యాయమే కావచ్చు, కానీ పొదుపుగా దూరం తిరిగేవాడు ఆ రోజే రెండో వరసలోకి జరిగిపోయాడు. హోటళ్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను. మారియట్ 2022 మార్చిలో ‘ఈ గదికి ఇన్ని పాయింట్లు’ అన్న పట్టికనే ఎత్తేసి, రోజును బట్టి మార్చుకునే వీలు పెట్టుకుంది. దాంతో పోలిస్తే మా వైట్ టౌన్‌లో పాత ఫ్రెంచి ఇళ్లను హోటళ్లుగా మార్చుకున్నవాళ్లే నయం. గది చూపిస్తారు, రేటు చెబుతారు, పాయింట్ల మాటే ఎత్తరు.

‘పాయింట్లు కంపెనీ దయతో ఇచ్చే కానుక, దానపు గొడ్డు పళ్లు లెక్కపెడతారా’ అని మీ అధికారులు అనవచ్చు. కానుకే అయితే కంపెనీల లెక్కల పుస్తకాలు అలా చెప్పవేం? ‘ఇండ్ ఏఎస్ 115’ అనే ప్రమాణం ప్రకారం టికెట్టు ధరలో పాయింట్లకు చెందే భాగాన్ని వెంటనే ఆదాయంగా చూపకూడదు. ప్రయాణికుడు వాడుకునేదాకా, లేదా గడువు తీరేదాకా బాకీగా పక్కన పెట్టాలి. అంటే ఆ పాయింట్లకు మనం ముందే డబ్బు కట్టామని కంపెనీ తన ఆడిటరు ముందు ఒప్పుకుంటోంది. ఆడిటరు ముందు బాకీ, మన ముందు కానుక! జెట్ ఎయిర్‌వేస్ తన జెట్‌ప్రివిలేజ్ పథకాన్ని వేరే కంపెనీగా విడదీస్తే, అందులో 50.1 శాతం వాటాకు ఎతిహాద్ 15 కోట్ల డాలర్లు పెట్టింది. 2019 ఏప్రిల్‌లో జెట్ విమానాలు నేల మీదే నిలిచిపోయినా పాయింట్ల కంపెనీ బతికే ఉంది, ఆ నవంబరులో ‘ఇంటర్‌మైల్స్’ అని పేరు మార్చుకుంది. కొవిడ్ ఏడాది 2020లో అమెరికా విమాన సంస్థ యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్నే తనఖా పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. కానుకల మూటను తాకట్టు పెట్టుకునే షావుకారు ఎక్కడైనా ఉంటాడా? నిబంధనలు పెడితే కంపెనీలు పథకాలే ఎత్తేస్తాయన్న బెదిరింపుకు కూడా ఇదే జవాబు. ఇంత పాడి ఇచ్చే గేదెను ఎవరూ అమ్ముకోరు.

రెండో ఆక్షేపణ, ఇది డబ్బున్నవాళ్ల దిగులు అని. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను, ఎందుకంటే సగం నిజం. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ బెర్తు కోసం చూసేవాళ్లకు సిగ్నేచర్ కార్డుతో పనిలేదు. అయితే కార్డు పాయింట్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? మా నెహ్రూ వీధిలో బట్టల కొట్టాయన క్రెడిట్ కార్డు గీకిన ప్రతిసారీ బ్యాంకుకు సుమారు రెండు శాతం వదులుకుంటాడు. ఆ రెండు శాతాన్ని చీర ధరలో కలుపుతాడు. గూబేర్ మార్కెట్‌లో పూలమ్మి దాచుకున్న నోట్లతో అదే కొట్లో చీర కొన్నామె కూడా ఆ ధరే కడుతుంది, పాయింటు మాత్రం ఒక్కటీ రాదు. పాయింట్ల భారం అందరి మీదా పడుతోంది కాబట్టి పాయింట్ల న్యాయం కూడా అందరికీ సంబంధించిందే. కొట్టాయన దగ్గర వసూలు చేసే రెండు శాతం తగ్గిందా? పాయింట్లే తగ్గాయి. మిగిలింది ఎవరి జేబులోకి పోయింది?

ఇక సంతకం పెట్టిన షరతుల్లో ‘ఎప్పుడైనా మార్చవచ్చు’ అని ఉందిగా అన్న వాదన. ఉంది, అందులోనే ఉంది తిరకాసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అంటే ఏమిటో నిర్వచించింది, వినియోగదారుణ్ణి నష్టపరిచే అసమంజసమైన షరతులు అందులోకి వస్తాయి. క్రెడిట్ కార్డు చార్జీలు పెంచాలంటే కనీసం నెల ముందు తెలపాలని, పెంపు ముందు కాలానికే వర్తించాలని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లో రాసింది. చార్జీ పెంచడానికీ, అదే రుసుముకు ఇచ్చేదాన్ని మూడో వంతు చేయడానికీ తేడా ఏమిటో ఎవరైనా విడమరిచి చెబితే వింటాను. అమెరికా సుప్రీంకోర్టు 2014లో నార్త్‌వెస్ట్ విమాన సంస్థ పాయింట్ల కేసులో ప్రయాణికుడి దావాను కొట్టేస్తూనే, ఇలాంటి ఫిర్యాదులు చూసే అధికారం రవాణా శాఖకు ఉందని గుర్తుచేసింది. పదేళ్లు పట్టినా, 2024 సెప్టెంబరులో ఆ శాఖ నాలుగు పెద్ద విమాన సంస్థల పాయింట్ల పథకాల మీద విచారణ మొదలుపెట్టింది.

మన దగ్గర ఆ శాఖ మీదే. ఇది వినియోగదారుల వ్యవహారాల వాళ్ల పని అని మీరంటారు. కార్డు గొడవ కాబట్టి రిజర్వు బ్యాంకును అడగమని వాళ్లంటారు. విమానాలు మా పరిధి కాదని అక్కడంటారు. విసుగొస్తోంది మంత్రిగారూ. విస్తారా విలీనానికి అనుమతులు ఇచ్చేటప్పుడు చార్జీలు, రూట్లు చూశారు, లక్షల మంది ఖాతాల్లోని పాయింట్ల సంగతి ఎవరైనా అడిగారా? మీ ఎయిర్‌సేవ పోర్టల్‌లో పాయింట్ల మీద ఫిర్యాదు చేస్తే ఎవరి బల్ల మీదికి వెళుతుంది? ఏడాదికి రుసుము ముందే కట్టినవాళ్లకు ఆ ఏడాది ముగిసేదాకా పాత లెక్కే నడవాలని ఒక్క సర్క్యులర్ రాయడానికి ఎన్ని శాఖలు కూర్చోవాలి? ఒక్క కంపెనీయే ఎగిరే లాస్‌పేట లాంటి చోట్ల, ఉడాన్ కింద ప్రజల డబ్బు పోసిన రన్‌వేల మీద, ప్రయాణికుడి పక్షాన ఎవరున్నారు?

ఏం చేయాలో మీకు నాకంటే బాగా తెలుసు. ఏదో ఒకటి చేయండి. కనీసం ఇది మీ శాఖ పనే అని ఒక్కసారి అనండి.

ఇట్లు,
పుదుచ్చేరి నుంచి ఒక తెలుగు పౌరుడు