బొమ్మ కింద అంకెలు రాయండి

ఒక ఫొటోను ఊహించుకోండి. మిరపకాయలు ఎర్రగా ఆరబోసిన కల్లం. దాని వెనుక తాటిచెట్లు. ఆ చెట్ల తలలను రాసుకుంటూ పోతున్నట్టుగా ఒక యుద్ధవిమానం! చూసినవాళ్ళు "అమ్మో! ఇంకాస్త ఉంటే చెట్టుకు కొట్టుకునేదే" అంటారు. అలాంటి బొమ్మ నాలుగు చేతులు మారేసరికి "విమానం కూలబోయిందట" అనే పుకారుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. నిజానికి ఆ విమానం చెట్లకు అర కిలోమీటరు అవతల ఉండవచ్చు. మరి కెమెరా అబద్ధం ఆడిందా? ఆడలేదు. ఫొటో తీసినవారు చెప్పవలసిన మాట చెప్పలేదు. ఆ మాటేమిటో ఆలోచిద్దాం.

అద్దంకి దగ్గర కొరిశపాడు ప్రాంతంలో 16వ జాతీయ రహదారి మీద ఒక ప్రత్యేకమైన రోడ్డు ముక్క ఉంది. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. ఆపద సమయంలో విమానాలు దిగడానికి దాన్ని కాంక్రీటుతో వేశారు. 2022 డిసెంబరు 29న భారత వైమానిక దళం అక్కడ విన్యాసం జరిపింది. 2024 మార్చి 18న మరోసారి జరిపినప్పుడు సుఖోయ్-30, హాక్ విమానాలు నేలను తాకకుండా కిందికంటా వచ్చి పైకి లేచిపోయాయి. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు రోడ్డు మీద దిగి మళ్ళీ ఎగిరాయి.

ఇలాంటి దృశ్యాన్ని ఫొటో తీయాలంటే టెలిఫొటో కటకం ఎందుకు కావాలి? లెక్క వేసి చూడండి. సుఖోయ్ పొడవు దాదాపు 22 మీటర్లు. అది మీకు 1 కిలోమీటరు దూరంలో ఉందనుకోండి. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకంతో తీస్తే ఫిల్ము మీద ప్రతిబింబం 1.1 మిల్లీమీటర్లే, చీమంత! 400 మిల్లీమీటర్ల కటకంతో 8.8 మిల్లీమీటర్లు వస్తుంది. నాభ్యంతరం 8 రెట్లు, బొమ్మా 8 రెట్లు. టెలిఫొటోలో ముందు కుంభాకార కటకాలు, వెనుక పుటాకార కటకాలు అమర్చుతారు. అందువల్ల నాభ్యంతరం ఎక్కువైనా గొట్టం పొట్టిగానే ఉంటుంది.

అయితే లాభం వెంట నష్టమూ ఉంది. 36 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్ము మీద 400 మిల్లీమీటర్ల కటకం చూపేది ఆకాశంలో 5 డిగ్రీలే. సెకనుకు 100 మీటర్ల వేగంతో అడ్డంగా పోయే విమానం 1 కిలోమీటరు దూరంలో ఆ మేర దాటడానికి సెకను కూడా పట్టదు. పైగా దాని మోత మిమ్మల్ని చేరేసరికి దాదాపు 3 సెకన్లవుతుంది. ఆ లోపల విమానం 300 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. మోత వచ్చిన వైపు కెమెరా తిప్పితే దొరికేది ఖాళీ ఆకాశమే!

ఇంకొక సంగతి. మార్చి ఎండకు కాగిన కాంక్రీటు మీద, కల్లాల మీద గాలి సెగలు కక్కుతూ అల్లాడుతుంది. పెద్ద కటకం విమానంతోపాటు ఆ అల్లాటనూ పెద్దది చేస్తుంది. ఎంత డబ్బు పోసినా తేట గాలిని కొనలేము. పొద్దున్నే తీయడం ఒక్కటే మందు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. విమానాన్నీ చెట్టునూ దగ్గర చేసింది కటకం కాదు, మనం నిలబడిన దూరం. మామూలు కటకంతో అక్కడినుంచే తీసి, మధ్య ముక్కను పెద్దది చేసినా అవి అలాగే కనబడతాయి. అలాగే, సెకనులో 2000వ వంతులో తీస్తే ఏఎన్-32 పంకాలు తిరగడం మానేసినట్టు ఉంటాయి. తెలియనివారు ఇంజను ఆగిందని బెదిరిపోతారు.

అందుకే నా ఉద్దేశం ఇది: ఫొటో కింద తేదీ, చోటు, నాభ్యంతరం, షట్టరు కాలం, విమానం ఉన్న దూరం రాయాలి. "అంకెలు రాస్తే అందం పోదా?" అంటారేమో. రాయవలసింది బొమ్మ మీద కాదు, కింద. ఆ అయిదు మాటలుంటే బొమ్మ సాక్ష్యమవుతుంది. లేకపోతే వింతగానే మిగిలిపోతుంది.

దూరం తెలిసేదెలా? స్కేలును కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. పక్కనుంచి కనబడే సుఖోయ్ స్కేలు మీద 11 మిల్లీమీటర్లు ఆక్రమిస్తే, 22 మీటర్లను 600తో గుణించి 11తో భాగించండి. 1200 మీటర్లు! ఖరీదైన కెమెరా ఉండి ఈ లెక్క వేయనివారికంటే, స్కేలుతో వేసిన విద్యార్థికే ఆ విమానం గురించి ఎక్కువ తెలిసినట్టు. మన ఇంట్లో కెమెరా లేదని చిన్నబోనక్కరలేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం మరువకండి. టెలిఫొటోలోంచి సూర్యుడిని చూస్తే కన్ను పోతుంది. సైనిక స్థావరాలలో, ఫొటో తీయరాదని బోర్డు ఉన్నచోట కెమెరా ఎత్తడం నేరం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేటికీ అమలులో ఉంది.

ఈసారి ఎవరైనా వింత ఫొటో చూపితే ఆశ్చర్యపడండి, తప్పులేదు. ఆ వెంటనే "ఎంత దూరంనుంచి తీశారు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు ఎన్ని పుకార్లు ఆగిపోతాయో మీరే చూస్తారు.