ఇంటి ముచ్చట: మామగారి జీపుకు 12 వోల్టులు

పోయిన నెల ఈ శీర్షిక రాలేదేమని ఇద్దరు ముగ్గురు చందాదారులు అడిగారు. దాచవలసినదేమీ లేదు. రెండు నెలలుగా మా ఆదివారాలన్నీ ఒక పాత జీపు కిందనే గడిచిపోయినవి. వేళ్ళకు అంటిన గ్రీజు కాగితానికి అంటుతుందని కలం పట్టలేదు, అంతే.

ఆ జీపు మా మామగారిది. అసలు ఆయన తండ్రిగారిది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత మిలిటరీవారు వదిలించుకున్న సామానులో దానిని కొని, శ్రీనివాసపురం దగ్గరి మామిడితోటకు తోలుకుపోయారట. అమెరికాలోని విల్లీస్ కంపెనీవారు చేసిన బండి. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండూ కలిసి ఇటువంటివి ఆరు లక్షలకు పైగా తయారుచేసినవి. మన దేశంలో మహీంద్రావారు బొంబాయిలో జీపుల బిగింపు మొదలుపెట్టిన 1940ల చివరి సంవత్సరాలకు ముందే ఇది తయారయినదన్నమాట. నాలుగు సిలిండర్లు, 60 గుర్రాల బలం, స్టీరింగు ఎడమ పక్కన. పెట్రోలు ట్యాంకు ఎక్కడంటారా, సరిగ్గా డ్రైవరు సీటు కింద! యుద్ధంలో ఎవరికీ అది విడ్డూరంగా తోచలేదు కాబోలు.

మామగారు ఆడుగోడిలోని మైకో కార్ఖానాలో పనిచేసి రిటైరయినారు. 1951లో ఏర్పడిన ఆ కంపెనీకి 2008 నుంచి బాష్ అని పేరు. జీవితమంతా స్పార్కు ప్లగ్గుల మధ్య, డీజిలు పంపుల మధ్య గడిపిన మనిషి గనుక, ఇంటి జీపు మీద మరొకరు చేయి వేస్తే ఒప్పుకునేవారు కారు. నెలకొకసారి తోటకు పోయిరావడం ఆయనకు వ్రతం. ఇప్పుడు ఎనభై దాటినవి, చేతులు వణుకుతున్నవి, కాని వ్రతం వదలలేదు.

శివరాత్రి పోయిన మరునాడు సాయంత్రం వాకిట్లో జీపు స్టార్టు చేయబోయారు. ఆ బండికి సెల్ఫ్ తాళంచెవితో తిరగదు, నేల మీద ఉన్న బొత్తాన్ని కాలితో తొక్కాలి. తొక్కగానే బానెట్టు కింద భగ్గుమన్నది. పంపు దగ్గరి రబ్బరు గొట్టం చిట్లి పెట్రోలు కారుతున్నది. దాని పక్కనే తొక్క రాలిపోయిన వైరు. మేము బిందెతో నీళ్ళు తేబోయాము. అత్తగారు "నీళ్ళొద్దు నాయనా, పెట్రోలు నీళ్ళమీద తేలి ఇంకా పాకుతుంది" అని కేకవేసి, తులసికోట పక్కనున్న ఇసుకను చేటతో ఎత్తి పోసినారు. మంట ఆరింది. నాలుగు వైర్లు, ఒక గొట్టం, మామగారి కనుబొమలు మాత్రం పోయినవి.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తగారు ఒక్కటే మాట అన్నారు: "దాన్ని అమ్మేయండప్పా. నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నప్పుడు ఇట్లయితే?" మామగారు మజ్జిగ అన్నం కలుపుకుంటూ మాట్లాడలేదు. బావమరిది కొడుకు, ఇంజనీరింగు చదివేవాడు, "తాతా, అంతా పీకేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టిద్దాం" అన్నాడు. మామగారు ఈసారి తలెత్తి "ఒరే అబ్బోడా, నన్ను కూడా పీకేసి కొత్త తాతను పెట్టించుకో" అన్నారు. ఇక మధ్యవర్తిత్వం మాకు పడింది. ఆఫీసులో ఫైళ్ళు ఇటునుంచి అటు తోయడమే మా వృత్తి గనుక అందరూ మమ్మల్నే చూస్తారు.

ముందు వైర్ల సంగతి. ఆ జీపుది 6 వోల్టుల బ్యాటరీ. నేటి బండ్లన్నీ 12. తేడా ఏమిటని ఇంట్లో ఆడవారు అడిగితే మేము చెప్పిన లెక్క ఇది. 45 వాట్ల దీపం వెలగాలంటే 6 వోల్టులలో ఏడున్నర ఆంపియర్ల కరెంటు పారాలి. 12 వోల్టులలో అందులో సగం చాలు. పాత బండిలో ప్రతి అతుకూ తుప్పు పట్టి ఉంటుంది. ఆ తుప్పులో పోయే నష్టం కరెంటుతోపాటు పెరుగుతుంది. చిన్న బ్యాటరీకి నష్టం ఎక్కువ, భరించే శక్తి తక్కువ. లెక్కవేస్తే అదే తుప్పు 6 వోల్టులలో తినే పాలులో నాలుగో వంతే 12 వోల్టులలో తింటుంది. మామగారి జీపు దీపాలు చిమ్నీదీపాల్లా మినుకుమనడానికి అదే కారణం. పైగా డైనమో ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఛార్జి ఇవ్వదు. బెంగుళూరు సిగ్నళ్ళ దగ్గర నిలబడే కాలమే ఎక్కువ గనుక బ్యాటరీ ఇంటికి వచ్చేసరికి సొమ్మసిల్లుతుంది. ఆల్టర్నేటరయితే నిలబడ్డ బండిలోనూ ఛార్జి ఇస్తుంది.

మామగారు ఈ లెక్కకు ఒప్పుకున్నారు. యంత్రాల మనిషి, లెక్క చూపితే పట్టుదల పట్టరు.

శివాజీనగరులో ముప్ఫయి ఏళ్ళుగా జీపులే చేస్తున్న సాయిబుగారొకరున్నారు. దక్కనీ, కన్నడం, తెలుగు కలిపి ఒకే వాక్యంలో మాట్లాడతారు. మాకు మూడూ అర్థమయ్యేది ఆయన దగ్గరే. ఆయన మొదట చెప్పినది ఇది: "పాత వైరు ఒక్కటి కూడా ఉంచొద్దు. బట్ట చుట్టిన వైరు పైకి బాగానే ఉంటుంది, లోపల బూడిద." వెనుక దీపాల నుంచి హారను దాకా అంతా కొత్త వైరు లాగినాము. ఆ కాలపు జీపులో నేటి కారులోవలె ఒక్కొక్క దీపానికి వేరు ఫ్యూజు లేదు. ఇప్పుడు ఎనిమిది ఫ్యూజుల డబ్బా పెట్టాము. బ్యాటరీ పక్కనే మొత్తం కరెంటు కత్తిరించే స్విచ్చి ఒకటి పెట్టాము. బండి దిగగానే అది తిప్పడం అత్తగారి పని. తాళంచెవి ఆమె కొంగుకే ఉంటుంది.

జేసీ రోడ్డులో మారుతి వ్యాను ఆల్టర్నేటరు దొరికింది. తెచ్చిన తరువాత తెలిసింది, జీపు బెల్టు వెడల్పు, ఆల్టర్నేటరు చక్రం సన్నం అని. పాత డైనమో చక్రాన్నే లేతు మీద తొలిపించి దీనికి ఎక్కించవలసివచ్చింది. ఈ ఒక్క పనికి మూడు ఆదివారాలు పట్టినవి. ఒక వర్కుషాపువాడు (పేరు ఎందుకు లెండి) వంకరగా తొలిచి ఇచ్చాడు, బెల్టు అరగంటలో పీచు పీచయింది. ఇంకొక హెచ్చరిక: ఆ కాలపు ఇంగ్లీషు కార్లు చాలావాటికి ప్లస్ ఎర్త్, ఈ జీపుకు మైనస్. చూసుకోకుండా తలకిందులుగా తగిలిస్తే కొత్త ఆల్టర్నేటరు క్షణంలో కాలిపోతుంది. బల్బులు, హారను, కాయిల్ అన్నీ 12వి వేయాలి. పెట్రోలు మీటరుకు వోల్టేజి తగ్గించే చిన్న ముక్క మధ్యలో పెట్టాలి. సెల్ఫ్ మోటారు మాత్రం పాతదే. 12 వోల్టులు ఇస్తే ఉలిక్కిపడ్డట్టు తిరుగుతుంది గాని, రెండు మూడు సెకండ్లకు మించి తొక్కకుండా ఉంటే ఏమీ కాదన్నారు సాయిబుగారు.

తరువాత పెట్రోలు సంగతి. అసలు ప్రమాదం అక్కడే.

2023 ఫిబ్రవరి 6న మన బెంగుళూరులోనే, ఇంధన వారోత్సవ సభలో, ప్రధానమంత్రి 20 పాళ్ళ ఇథనాలు కలిసిన పెట్రోలును ప్రారంభించారు. అంతకు ముందే 2022లో దేశమంతటా 10 పాళ్ళకు చేరింది. చెరకు నుంచి, ధాన్యం నుంచి వచ్చే ఈ సారాయి నేటి బండ్లకు సరిపడేట్టు చేస్తున్నారు. కాని యుద్ధకాలపు రబ్బరుకు, కార్కు బిళ్ళలకు, పంపులోని పొరకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? అవి ఉబ్బి, మెత్తబడి, చివరకు చిట్లుతవి. మా వాకిట్లో మండిన గొట్టం కత్తిరించి చూస్తే లోపలి పొర జిగురుజిగురుగా వేలికి అంటుకున్నది. అదీగాక ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలలతరబడి కదలని బండి ట్యాంకులో నీరు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తుంది. ఏళ్ళ తరబడి గోడలకు అంటిన మడ్డిని కూడా కడిగి తెచ్చి ఫిల్టరులో పోస్తుంది. లీటరుకు శక్తి కూడా పెట్రోలులో మూడింట రెండు వంతులే గనుక, 20 పాళ్ళు కలిస్తే మైలేజీ ఆరేడు శాతం తగ్గడం లెక్క ప్రకారమే.

సాయిబుగారు ట్యాంకు దించి, గులకరాళ్ళు వేసి, ఇద్దరు కుర్రాళ్ళ చేత ఊయలలూపినట్టు ఊపించి తుప్పు రాల్చారు. ఒక చిల్లు కనిపించింది. వెల్డింగు పెట్టిద్దామని మనుమడు అన్నాడు. పెట్రోలు ఉన్న ట్యాంకు ఖాళీ అయినా, లోపలి ఆవిరి బాంబు లాంటిది. కడిగి, నీళ్ళు నింపి, పైన కాస్త ఖాళీ ఉంచి మాత్రమే టంకం వేస్తారు. అలాగే చేశారు. గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునే రకం వేశాము.

ఇక పంపు. జీపుకు ఇంజనుతోనే ఆడే పంపు ఉన్నది. మెకానిక్కులు దానిని ఏసీ పంపు అంటారు. మనుమడు కరెంటు పంపు పెట్టమన్నాడు. దానికీ లాభమున్నది: వేసవిలో గొట్టంలో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయే పీడ తగ్గుతుంది. కాని ఇంజెక్షను కార్ల పంపు తెచ్చి కార్బురేటరుకు తగిలిస్తే ఆ ఒత్తిడికి పెట్రోలు పొంగి పొర్లుతుంది. తక్కువ ఒత్తిడి పంపే కావాలి. మరొక చిక్కు, గొట్టం తెగి ఇంజను ఆగినా కరెంటు పంపు ఆగదు, పోస్తూనే ఉంటుంది. ఆపడానికి వేరే స్విచ్చి కావాలి. అత్తగారు తలుపు దగ్గర నిలబడి విన్నారు. "ఇంజను నిలిస్తే పెట్రోలూ నిలవాల. అట్లయితేనే ఈ ఇంట్లో ఉంటుంది" అన్నారు. ఏసీ పంపుకే కొత్త పొర వేయించాము. ఇంజెక్షను మాట ఎత్తడానికి మనుమడికి మరి ధైర్యం చాలలేదు. కంప్యూటరు పెట్టె, ఆక్సిజను సెన్సరు, పెట్రోలు తిరిగి ట్యాంకుకు వచ్చే గొట్టం, ఇన్ని కావాలి. జీపు ఖరీదు దానికే అవుతుంది.

కార్బురేటరు విషయంలో మామగారు ఒక ముక్క చెప్పారు, మాకు అదివరకు తట్టలేదు. మన ఊరు సముద్రానికి 900 మీటర్ల పైన ఉన్నది. గాలి పలచన గనుక, కార్బురేటరు ఇక్కడ గాలికి మించి పెట్రోలు పోస్తుంది. ఇథనాలు దీనికి ఎదురు. అది కలిస్తే మిశ్రమం పలచనవుతుంది. రెండూ ఒకదానికొకటి చాలావరకు సరిపోతవి. "ఇక్కడ జెట్టు మార్చొద్దు. నెల్లూరుకు దిగితే అప్పుడు చూద్దాం" అన్నారు. సాయిబుగారు చెవిమీద పెన్సిలు తీసి ఆయనకు సలాము చేశారు.

చివరిది కాగితాల పని. మాకు తెలిసిన విద్య ఇదొక్కటే. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండ్లను వింటేజి బండ్లుగా రిజిస్టరు చేయవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. అవి మేము ముట్టలేదు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. మనుమడు ఆ వీఏ నంబరు పలక మీద ఎంతో మోజు పడ్డాడు. కాని ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మత్తుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. అంటే తోటకు పోరాదు. ఆ వాక్యం మేము చదివి వినిపించగానే మామగారు కళ్ళజోడు తీసి, "అట్లయితే నాకు పలక ఎందుకప్పా?" అన్నారు. మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకుంటున్నాము. అయినా రేపు మనవల కాలంలో ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని, పాత డైనమో, కటౌటు, 6 వోల్టుల కాయిల్, బల్బులు, అన్నిటికీ చీటీలు కట్టి ఒక ట్రంకుపెట్టెలో పెట్టాము. అత్తగారు అందులో నాఫ్తలీను ఉండలు కూడా వేసినారు.

మొత్తం ఖర్చు 31,000 రూపాయలు దాటింది. మొదటి 200 కిలోమీటర్లలో ఫిల్టరు రెండుసార్లు మార్చవలసివచ్చింది.

పోయిన ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాము. మేము తోలాము, మామగారు పక్కన. అత్తగారు వెనుక సీటులో పులిహోర గిన్నె ఒడిలో పెట్టుకుని, కాళ్ళ దగ్గర ఇసుక బకెట్టు పెట్టించుకుని కూర్చున్నారు. హోసకోట దాటేదాకా దీపాలతోనే పోయినాము. దీపాల వెలుగు రోడ్డు మీద తెల్లగా, కుదురుగా పడుతున్నది. మామగారు చాలాసేపు దానినే చూసి, "నాయన ఈ దోవన చీకట్లో వచ్చేటప్పుడు క్లీనరును ముందు లాంతరు పట్టుకుని నడవమనేవారు" అన్నారు. కోలారు దగ్గర బండి ఆపమన్నారు. దిగి చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు దగ్గర నిలబడ్డారు. మేము అత్తగారి వంక చూశాము. ఆమె బకెట్టు కొంచెం దగ్గరకు జరుపుకుని, "తోట మలుపు నుంచి మాత్రమే" అన్నారు.