పేరులేని పొట్లం

బండారులంకలో మగ్గమున్న ఇంటికి కీళ్లనొప్పి కొత్త కాదు. గుంటలో కాళ్లు పెట్టి పొద్దస్తమానం తొక్కే మనిషికి మోకాళ్లూ నడుమూ పట్టేస్తాయని అందరికీ తెలుసు. పక్కన కండెలు చుట్టే ఆవిడ సంగతి మాత్రం ఎవరూ అడగరు. తెల్లారి లేచేసరికి రెండు చేతుల వేళ్లూ కణుపుల దగ్గర ఉబ్బి ఉంటాయి. పిడికిలి బిగియదు. కాఫీ గ్లాసు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తుకుంటుంది. ఎండెక్కాక వేళ్లు కాస్త సడలితే రాట్నం ముందు కూర్చుంటుంది. ఊరి తీర్పు ఒక్కటే: "గుజ్జు అరిగిపోయిందండీ, వయసు కదా!" ఏం వయసు? ముప్పై అయిదేళ్లు!

అది అరుగుదల కాదు. మోకాలి అరుగుదల ఒక జబ్బు, రుమటాయిడ్ కీళ్లవాతం వేరే జబ్బు. రెండోదాంట్లో ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద పడుతుంది. పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోవడం, రెండు చేతుల చిన్న కణుపులూ వాయడం దాని గుర్తులు. మొదటి నెలల్లో పట్టుకుంటే చేతులు దక్కించుకోవచ్చు. ఆలస్యమైతే ఎముక దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి. అలా వంకరపోయిన వేళ్లను ఏ మాత్రా తిన్నగా చేయలేదు.

ఆ నెలలనే కీళ్లనొప్పికి పొడి పొట్లాలు అమ్మేవాడు కాజేస్తున్నాడు. వాడిచ్చే పొడికి పేరుండదు, దినుసులుండవు, "గ్యారంటీ" మాత్రం ఉంటుంది. రెండు మూడు రోజుల్లో నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని ముందు అనుమానించాలి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కదలలేని కీళ్లరోగులు లేచి నడిచారు. 1950లో దానికి నోబెల్ వచ్చింది. డాక్టరు మోతాదు చూసి ఇస్తే అది గొప్ప మందే. వేరుపొడిలో దాచి నెలల తరబడి తినిపిస్తే ముఖం ఉబ్బుతుంది, షుగరు ఎక్కుతుంది, ఎముకలు గుల్లబారతాయి. తెలియకుండా మందు మింగించడం వైద్యమెలా అవుతుంది? అది దగా.

ఇలా అంటే నన్ను ఇంగ్లీషు మందుల పక్షం అంటారు. కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి అమెరికా వెళ్లారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోనే ఫోలిక్ ఆమ్లం తయారైంది. దాని పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్ కూడా అక్కడి పరిశోధన ఫలమే. క్యాన్సర్ కోసం వచ్చిన ఆ మందునే ఇవాళ తక్కువ మోతాదులో రుమటాయిడ్‌కు సాధారణంగా అన్నిటికన్నా ముందు ఇస్తారు, తోడుగా ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. గోదావరి జిల్లా బిడ్డ కృషి ఉన్న చవక మాత్రలు ప్రపంచమంతా చేతులు నిలబెడుతుంటే, గోదావరి పాయల మధ్య మన ఆడవాళ్లకు పొట్లాలా? నాకు కడుపు మండేది ఇక్కడే. ఆ మందుకూ పద్ధతుంది: వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రక్తపరీక్షలు తప్పవు, గర్భిణులకు పనికిరాదు. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.

పాతవాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కాదు. గాలి, చలి, తేమ ఒంట్లో చేరి దారులు మూసేస్తే కీళ్లు నొస్తాయని చైనా వైద్యం చెప్పింది. మన ఆయుర్వేద గ్రంథం మాధవనిదానం ఆమవాతమనే కీళ్లజబ్బును విడిగా వర్ణించింది. ముసురు పడితే నొప్పి పెరుగుతుందనే మన అమ్మల మాటను నేను కొట్టిపారేయను. వావిలాకు కాపడం హాయిగా ఉంటే వేసుకోండి. అయితే చైనా అక్కడితో ఆగలేదు. కీళ్లనొప్పులకు తరతరాలుగా వాడిన లెయ్ గోంగ్ టెంగ్ అనే తీగ సారాన్ని మెథోట్రెక్సేట్‌తో పోల్చి 207 మంది రోగుల మీద పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించింది. పనిచేస్తుందని తేలింది. ఆ తీగ విషపూరితమనీ, సంతానశక్తిని దెబ్బతీయగలదనీ కూడా వాళ్లే రాసిపెట్టుకున్నారు. మూలికను గౌరవించడమంటే అదీ! పొట్లంలో కట్టి పేరు దాచేవాడు ఆయుర్వేదానికి వారసుడెలా అవుతాడు?

కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆయుర్వేద మందు సీసా మీదా దినుసులు రాయాల్సిందే. మరి ఈ పొట్లాలను పట్టుకెళ్లి పరీక్ష చేయించాల్సిన అధికారులు ఏం చేస్తున్నారు? అమలాపురం ఆసుపత్రికి వచ్చే నేతపనివాళ్ల చేతులు చూసి, రక్తపరీక్ష చేసి, మందు ఇచ్చేందుకు వారానికి ఒక రోజు కేటాయించడం అంత బరువా? చేనేత చీరకు పేరు కావాలి గానీ కండె చుట్టే వేళ్లు అక్కర్లేదా?

ఇప్పటికే నెలల తరబడి ఆ పొడి తింటున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఒక్కసారిగా మానేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే, హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. మిగిలిన పొట్లాలు చేత పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎన్నాళ్లుగా, రోజుకెన్నిసార్లు తిన్నారో దాచకుండా చెప్పండి.