ముందే చెప్పినం కదా!

ఏటా మార్చి నెలాఖరుకు ఆ కబురు వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండలు ఎట్లా ఉండబోతున్నాయో భారత వాతావరణ శాఖ చెబుతుంది. పగటి ఎండ మామూలుకు మించుతుందా, రాత్రిళ్లయినా చల్లబడుతుందా, వడగాలులు ఎన్ని రోజులు వీస్తాయి, అన్నీ అందులో ఉంటాయి. మా నాన్న దాన్ని ఉగాదినాటి పంచాంగ శ్రవణమంత శ్రద్ధగా వింటాడు. విని ఆయన చేయగలిగింది ఒక్కటే, భయపడటం. చేతిలో అధికారం ఉండి, గోదాములు ఉండి, నిధులు ఉండి ఆ కబురు విన్నవాళ్లు ఏం చేస్తున్నారన్నదే నా ప్రశ్న.

మాది కరీంనగర్ వైపు పల్లె. ఏప్రిల్, మే నెలల్లో మాకు రెండు గండాలు. పగలు ఎండ, పొద్దు వాలితే గాలివాన. యాసంగి వరి కోసేదీ, వడ్లు కల్లానికి చేరేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. పొద్దంతా కాగిన నేల మీదికి సముద్రం వైపు నుంచి తేమగాలి తోడైతే సాయంత్రానికి ఉరుములు, వడగళ్లు. ఇందులో ఎవరికీ తెలియని సంగతి ఏముంది? 2023 మార్చిలో వడగళ్లకు పంటలు నేలకొరిగితే ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. నెల తిరక్కుండానే ఏప్రిల్‌లో మళ్లీ అదే వాన, అవే తడిసిన వడ్లు.

సర్కారు కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు కొనరు. నాన్న తొమ్మిది రోజులు ఆరబోశాడు. పదో రోజు తేమ యంత్రం 16 చూపించింది. ఆ రోజు గన్నీ సంచులు లేవన్నారు. సంచులు వచ్చిననాడు హమాలీలు లేరన్నారు. హమాలీలు దొరికేసరికి లారీ రాలేదన్నారు. పన్నెండో రోజు సాయంత్రం ఫోన్లు మోగాయి. కొద్ది గంటల్లో ఉరుములు, ఈదురుగాలులతో వాన అని. కేంద్రంలో ఇచ్చిన పట్టాలకు చినుగులే ఎక్కువ. అరవై దాటిన మనిషి ఆ గాలిలో, ఆ మెరుపుల కింద, పట్టా అంచు ఎగరకుండా దాని మీద పడుకున్నాడు. తెల్లారి కుప్ప అడుగున నీళ్లు. మూడోనాటికి గింజ మొలకెత్తింది. అడగబోతే కేంద్రంలోని మనిషి అన్న మాట ఇది: "వాన వస్తదని ముందే మెసేజ్ పెట్టినం కదా!"

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. చెప్పగానే వాళ్ల పని అయిపోయిందట. అక్కడి నుంచి తడిసినా, ఎండినా, చచ్చినా తప్పు మాదేనట.

ఎండ విషయంలోనూ ఇదే మాట. మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రావద్దని చాటుతారు. ఎవరికి చాటుతున్నారు? కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంటికా? ఉపాధి హామీ పనిలో ఎండాకాలం గడ్డ తవ్వలేరని ఒకప్పుడు వేసవి భత్యం కలిపి కూలి కట్టేవారు. దాన్ని తీసేశారు. పైగా రోజుకు రెండుసార్లు ఫోటో దిగితేనే హాజరన్నారు. పొద్దున్నే వచ్చి పని ముగించుకున్న ఆడవాళ్లు రెండో ఫోటో కోసం చెట్టు నీడ లేని చెరువు కట్ట మీద కూర్చున్నారు. రావద్దన్న ఎండలో వాళ్లను కూర్చోబెట్టింది ఎవరు?

మా వాడకట్టులో ఒక అక్క అట్లాగే పడిపోయింది. చెమట ఆగిపోయి, ఒళ్లు నిప్పులా కాలి, మాట తడబడింది. అది వడదెబ్బ. అప్పుడు ఒళ్లు వెంటనే చల్లబరచాలి. అక్కడ తాగే నీళ్లకే దిక్కు లేదు. సాయంత్రానికి పోయింది. పొద్దుగూకకముందే దహనం చేశారు. తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురూ తేలిస్తేనే అది ఎండ చావని, అందుకు పోస్టుమార్టం కావాలని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఆమె ఏ లెక్కలోనూ లేదు.

లెక్కకెక్కిన చావులైనా తక్కువా? 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా ఎండకు చనిపోయారు. అందులో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. 2010 ఎండల్లో జనం పోయాక అహ్మదాబాద్ 2013లోనే కార్యాచరణ ప్రణాళిక పట్టుకుని కదిలింది. మన దగ్గర కాగితాలకు కొదవ లేదు, అవి ఊరి పొలిమేర దాటి రావు. దేశ విపత్తుల జాబితాలో చలిగాలికి చోటిచ్చి, వడగాలిని ఏళ్ల తరబడి బయటే నిలబెట్టారు. ఎండ చావుకు 4 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రకటించడానికి 2025 రావాల్సి వచ్చింది.

చెప్పే నోటిని కూడా మూశారు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు పెట్టి, వారానికి రెండుసార్లు ఏ మండలంలో ఏం చేయాలో రైతుకు అతని భాషలో చెప్పించేవారు. దేశంలో అట్లాంటివి 199 ఉండేవి. 2024లో ఆపేశారు.

మేం అడిగేవి పెద్దవి కావు. మార్చి నెలాఖరు కబురు అందిన నాడే సంచులు, చినగని పట్టాలు కేంద్రానికి చేరాలి. ఆరిన వడ్లను మూడు రోజుల్లో తూకం వేయాలి. ఆలోగా తడిస్తే ఆ నష్టం సర్కారు భరించాలి. వడగాలి హెచ్చరిక ఉన్న రోజు పని ఆపి, కూలి మాత్రం ఇవ్వాలి. పని దగ్గర నీడ, నీళ్లు, ఉప్పు చక్కెర పొట్లాలు ఉండాలి. ఎండకు పడిపోయి చనిపోయినవాళ్ల ఇంటికి అధికారే నడిచి రావాలి.

నాన్న ఈ ఏడూ వరే వేశాడు. వేరే తెలియదు ఆయనకు. మొన్న కొత్త పట్టాకు బేరమాడి, డబ్బు చాలక పాతదాన్నే తెచ్చుకుని వాకిట్లో కూర్చుని దబ్బనంతో కుట్టుకుంటున్నాడు. రాబోయే వానకు మా ఇంట్లో జరుగుతున్న ఏర్పాటు అది. మీ ఏర్పాటు ఏదో చూపించండి.